జర్మనీకి విస్తరి

మొదటి ప్రపంచ యుద్ధం ఎప్పుడు ముగిసిందని పరీక్షలో అడిగితే 1918 నవంబరు అని రాయండి, మార్కులు పడతాయి. నన్నడిగితే మాత్రం అది రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, ఒక ఫిబ్రవరి ఆదివారం మధ్యాహ్నం, భద్రాచలం అడవి అంచున ఒక కోయగూడెంలో అడ్డాకు విస్తళ్ల ముందు ముగిసింది. ఆ పంక్తిలో నేనూ కూర్చున్నాను.

ఈమధ్య కొందరు కుర్ర టీచర్లు ఖమ్మం ఊళ్లో ఖానాపురం హవేలి పేటలోని మా ఇంటికి వచ్చి, ప్రపంచ యుద్ధాల పాఠం పిల్లల బుర్రకెక్కడం లేదు, మీరెలా చెప్పేవారు సార్ అని అడిగారు. ఎలా చెబితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. అదే రాస్తున్నాను.

అప్పుడు నేను గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో సోషల్ టీచర్ని. ఖమ్మం దగ్గరి బడి నుంచి నన్ను అడవికి పంపింది నా నోరే. ఆ బడిలో కొత్త తరగతి గదికి మంచి ముహూర్తం లేదని వానాకాలమంతా ఆగారు. ముహూర్తం దొరికేలోపు పాత గది కప్పు కూలింది. ఆదివారం కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లల ప్రాణాలు కాపాడింది సెలవు, పంచాంగం కాదు అని ఒక పత్రికలో రాశాను. తర్వాతి బదిలీల్లో నా పేరు ముందు వరసలో ఉంది.

అడవిలో దొరికిన హెడ్మాస్టరు గారు ఇంకో మెట్టు పైన. రాహుకాలంలో హాజరు పట్టీ తెరవరు. బడికి కంప్యూటరు వస్తే దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు కీబోర్డు మీద చల్లారు. అది మళ్లీ లేవలేదు.

"దిష్టి తగిలిందండీ" అన్నారు.

"నీళ్లు తగిలాయండీ" అన్నాను.

మా ఇద్దరి మధ్య రిఫరీ లెక్కల టీచరమ్మ. పెనుబల్లి వైపు మనిషి. నాకంటే చాలా చిన్నది, నాలుక మాత్రం పదును. నైవేద్యం పెట్టినదేదీ నోట పెట్టకూడదని నాకొక నియమం ఉండేది. వ్రతాలకు పిలిస్తే వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేవాణ్ణి. భద్రాచలం నుంచి ఎవరైనా లడ్డూ తెస్తే నా వంతు ఆమెకే. ఆమె దాన్ని తింటూ, "మా అమ్మమ్మ కూడా ఇంతేనండీ, ఎవరన్నా ముట్టుకుంటే తినదు. మీదీ మడేనండీ సారూ, కాకపోతే తిరగేసి కట్టుకున్నారు" అనేది. వేదికల మీద పండితులతో వాదించి నెగ్గిన వాణ్ణి. ఆ మాటకు మాత్రం మంచినీళ్లు తాగి లేచిపోయేవాణ్ణి.

ఆ ఏడు రిపబ్లిక్ డేకు హెడ్మాస్టరు గారు, ఎప్పుడూ డాన్సులేనా, చదువుకు పనికొచ్చేది ఏదన్నా వేయించండి అన్నారు. పదో తరగతి పిల్లలకు మొదటి ప్రపంచ యుద్ధం కొరకరాని కొయ్యగా ఉంది. కారణాలు బట్టీ పడతారు, ఫలితాల దగ్గర అవే రాస్తారు. సరే, యుద్ధాన్నే వేయిద్దాం అనుకున్నాను.

దేశాలు ఎక్కువ, పిల్లలు ఇంకా ఎక్కువ. అందుకని హాస్టల్లో ఒక్కో గదికి ఒక్కో దేశం ఇచ్చాను. ఎవరి గదిలో వాళ్లు రిహార్సల్ చేసుకుంటారు, గోల ఉండదు. ఈ ఏర్పాటు చూసి నన్ను నేనే మెచ్చుకున్నాను. నేను గమనించనిది ఒకటుంది. కొత్తగా చేరిన పిల్లలు బెంగపడి ఏడవకుండా వార్డెనమ్మ ఒక్కో గూడెం పిల్లల్ని ఒక్కో గదిలో ఉంచేది. అంటే గదులకు ఇచ్చాననుకున్న దేశాలను నేను గూడేలకు ఇచ్చాను. వాగు ఇవతలి గూడెం జర్మనీ అయింది, అవతలి గూడెం ఫ్రాన్సు అయింది.

ఆ రెండు గూడేల మధ్య అప్పటికే ఒక ఎద్దు చచ్చి ఉంది.

అవతలి గూడెం ఎద్దు కట్టు తెంపుకుని వాగు దాటి వచ్చి ఇవతలి వాళ్ల జొన్న చేలో పడింది. వీళ్లు తరిమారు. అది రాళ్ల మధ్య కాలు విరిగి పడి, లేవక చచ్చిపోయింది. ఎద్దును విడిచినవాళ్లది తప్పా, తరిమినవాళ్లది తప్పా? ఈ ప్రశ్న మీద రెండు గూడేలూ, వాటితో పాటు రెండింటి వియ్యంకుల ఊళ్లూ మాటలు మానేశాయి. పెద్దమనుషులు కూర్చుని తేల్చాల్సి ఉంది. యూరప్ పటం ముందు కర్ర పట్టుకుని పొత్తుల గురించి గంటలు గంటలు చెబుతున్న నాకు, బడి గోడ అవతలి పొత్తులు తెలియవు.

జర్మనీ తరఫున మాట్లాడిన అమ్మాయి పదో తరగతిలో అందరికంటే ముందుండేది. పేరు రాయను. నాటకం తర్వాత బడంతా ఆమెను జర్మనీ అనే పిలిచింది, నేనూ అలాగే పిలుస్తాను. వాళ్ల నాన్నకు కొంచెం పోడు భూమి, ఒక ఎడ్ల జత. మిరప కోతల రోజుల్లో ఊరు ఊరంతా కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల చేలల్లోకి కూలికి పోతుంది. ఆ కోతలు, పదో తరగతి పరీక్షలు దాదాపు ఒకేసారి వస్తాయి. ప్రతి ఏడూ ఆ పోటీలో మిరపకాయే గెలుస్తుంది. ఈ అమ్మాయి విషయంలో దాన్ని ఓడించాలని నేనూ లెక్కల టీచరమ్మా గట్టిగా అనుకున్నాం.

రిపబ్లిక్ డే నాడు తల్లిదండ్రులు బాగా వచ్చారు. నాటకం అద్భుతంగా ఉందని ఇప్పటికీ అంటాను. పిల్లలు బొగ్గుతో మీసాలు దిద్దుకున్నారు. హత్యకు గురైన ఆస్ట్రియా యువరాజు చీమలు కుడుతున్నాయని రెండుసార్లు లేచి కూర్చున్నాడు. కందకాల బదులు వంటగది బెంచీలు పడేశాం. యుద్ధం మధ్యలో రష్యా గది పిల్లలు లేచి, "మా ఇంట్లనే మాకు లొల్లయింది, మేం పోతున్నం" అని చెప్పి నేరుగా వెళ్లి మిఠాయి వరసలో ముందు నిలబడ్డారు. అప్పటిదాకా పక్కన కూర్చుని సరుకులు అమ్ముకున్న అమెరికా చివర్లో కర్రలు పట్టుకుని దిగింది. జనం పడీ పడీ నవ్వారు.

తర్వాత వర్సాయి సంధి. హెడ్మాస్టరు గారి గదిలోంచి తెచ్చిన కుర్చీల్లో గెలిచినవాళ్లు, ఫ్రాన్సు నడుమన, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. జర్మనీ వాళ్ల ముందు నిలబడింది. నేను రాసిచ్చిన మాట తల వంచి చెప్పింది: "తప్పంతా మాదే. మా వాళ్లందరి తరఫున ఒప్పుకుంటున్నాను." తెలివైన పిల్ల కదా, వెనక కూర్చున్న తల్లులకు అర్థం కాదేమోనని అదే మాట కోయభాషలో కూడా గట్టిగా చెప్పింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా డైలాగు బరువుకు జనం మూగబోయారనుకున్నాను.

సాయంత్రం జర్మనీ తండ్రి వచ్చి కూతురి పెట్టె నెత్తిన పెట్టుకుని, ఆమెను తీసుకుని వెళ్లిపోయాడు. సంగతేమిటో రెండు రోజుల తర్వాత వార్డెనమ్మ చెప్పింది.

"వాళ్లల్ల నలుగురి ముందు తప్పు మాదంటే అయిపోయినట్టే సారూ. పిల్లయినా పెద్దయినా మాట మాటే. ఎద్దు బదులు ఎద్దియ్యాలె అని వాగు అవతలోళ్లు అంటున్నరు. అన్నది వాని బిడ్డ, వాని ఎద్దే ఇయ్యాలె అంట. ఒంటెద్దుతోని ఏం దున్నుతడు? పిల్లను మిరపకాయలకు తోలుడే."

హెడ్మాస్టరు గారు చేతులెత్తేశారు. "మీ యుద్ధం, మీరే ఆపుకోండి. బడికి సంబంధం లేదు. అయినా రిహార్సల్ మంగళవారం మొదలుపెట్టారు, నేనప్పుడే అనుకున్నాను."

ఆదివారం పంచాయితీ అని తెలిసి నేనూ లెక్కల టీచరమ్మా బయల్దేరాం. తారురోడ్డు ఉన్నంతవరకు షేర్ ఆటో, తర్వాత నడక. దారి పొడుగునా నేను నా వాదన వినిపిస్తూనే ఉన్నాను. "అక్కడ మాత్రం కాస్త తక్కువ మాట్లాడండి సారూ" అంది ఆమె. "మీరు నెగ్గడానికి పోవట్లేదు, పిల్లని తేవడానికి పోతున్నారు."

ఎటువైపూ వియ్యం లేని మూడో గూడెం పటేలు పెద్దమనిషిగా కూర్చున్నాడు. ముసలివాడు, చెవులు మాత్రం చురుకు. పందిరి కింద ఒక పక్క ఇవతలి గూడెం, ఒక పక్క అవతలి గూడెం. జర్మనీ తన తండ్రి వెనక కూర్చుంది. ఎదుటి పక్క ఫ్రాన్సు వాళ్లమ్మ చెంగు వెనక దాక్కుంది.

"సారూ, పిల్ల గా మాట అన్నదా, లేదా?" అని అడిగాడు పటేలు.

"అన్నది."

"ఎవ్వలు అనమన్నరు?"

"నేనే. కానీ అది ఆమె మాట కాదు, జర్మనీ మాట."

"జర్మనీ ఎవ్వలు? ఏ గట్టోళ్లు?"

గట్టు అంటే వాళ్లలో వంశం. ఎవరు అన్నదమ్ములో, ఎవరు వియ్యంకులో దాన్నిబట్టే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే యుద్ధం మొత్తం చెప్పాలి. చెప్పాను.

"ఆస్ట్రియా అని ఒక రాజ్యం. దాని వారసుణ్ణి ఒక కుర్రాడు కాల్చి చంపాడు. ఆ కుర్రాడి వెనక పక్కనున్న సెర్బియా ఉందని ఆస్ట్రియా పట్టుబట్టింది."

"తప్పు కట్టమన్నరా?"

"ఎవరూ ఒప్పుకోలేనన్ని షరతులు పెట్టారు. సెర్బియా చాలావరకు ఒప్పుకుంది కూడా."

"ఒప్పుకున్నంక లొల్లేంది?"

"లొల్లే కావాలనుకున్నారు."

"అవ్, గసుంటోళ్లు ఉంటరు" అన్నాడు పటేలు, రెండు పక్కలా చూస్తూ. కొందరు తలలు దించుకున్నారు.

"సెర్బియా వెనక రష్యా నిలబడింది. ఆస్ట్రియా వెనక జర్మనీ. రష్యాకు ఫ్రాన్సు జత. ఫ్రాన్సు మీదికి పోవడానికి దగ్గరి దారని జర్మనీ, మధ్యలో ఉన్న బెల్జియం చేలు తొక్కుకుంటూ పోయింది. బెల్జియం జోలికి ఎవరూ రారని మాటిచ్చిన బ్రిటన్ దాంతో దిగింది. ఆ రాజుల్లో కొందరు ఒకరికొకరు దగ్గరి చుట్టాలే."

"చుట్టాలైతేనే లొల్లి పెద్దగైతది" అంది వెనకనుంచి ఒకావిడ.

"ఎన్నొద్దులు కొట్టుకున్నరు?"

"నాలుగేళ్లు. కందకాలు తవ్వుకుని అందులోనే కూర్చున్నారు. ముందుకు పోయింది లేదు, వెనక్కి వచ్చింది లేదు."

"మరి యవసాయం?"

"ఆడవాళ్లు చేశారు."

ఆడవాళ్ల వైపు నుంచి పెద్ద నవ్వు. "గా ఊళ్లెకూడ గంతేనా" అన్నారెవరో.

"తర్వాత రష్యాలో జనం రాజును దింపేసి యుద్ధం నుంచి తప్పుకున్నారు. అమెరికా కొత్త బలంతో వచ్చింది. జర్మనీలో తిండి అయిపోయింది. అప్పుడు ఆగింది. ఆగాక జర్మనీని నిలబెట్టి తప్పంతా మాదే అనిపించారు. అదే ఈ అమ్మాయి చెప్పింది."

చచ్చిన ఎద్దు యజమానికి ఓపిక అయిపోయింది. "గదంతా మాకెందుకు సారూ? మాట అన్నది. నలుగురు ఇన్నరు."

"నాటకంలో అన్న మాట మాట కాదు" అన్నాను.

పటేలు నా వైపు వంగాడు. "వేషం కట్టినోని మాట మాట కాకుంటే, కొలుపుల నాడు వేల్పు ఒంటి మీదికొచ్చి చెప్పేదేంది సారూ? గది కూడ ఉత్తదేనా?"

నేను లేచి నిలబడ్డాను. ముప్ఫై ఏళ్లుగా ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నవాణ్ణి. పూనకంలో మాట్లాడేది ఏ దేవతా కాదు, మనిషే, అనబోతుంటే లెక్కల టీచరమ్మ నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"ఆగండి సారూ" అంది గుసగుసగా. "వేల్పు వచ్చినప్పుడు అన్నదానికి ఆ మనిషి పూచీ ఉండదు కదండీ. పిల్లకి జర్మనీ పూనిందని చెప్పెయ్యండి. ఎద్దు మిగుల్తాది, పిల్ల బడికొస్తాది."

ఆమె లెక్క తప్పలేదు. ఒక్క అబద్ధంతో కేసు గెలుస్తాం.

"నేననను" అన్నాను.

"పరీక్ష పోతే?"

వాదనకు దిగితే అమ్మాయి నష్టపోతుంది. ఒప్పుకుంటే, పూనకాలు బూటకమని నేను అదే అమ్మాయికి చెప్పిన పాఠాలన్నీ ఆమె ముందే మింగాలి. ఎటూ తేల్చుకోలేకపోయాను. అప్పుడు జర్మనీ లేచింది. ముందు కోయభాషలో పటేలుతో ఏదో చెప్పి, తర్వాత మా కోసం తెలుగులో అందుకుంది.

"తాతా, నేను అన్న. అనలేదని చెప్ప. కానీ అన్నప్పుడు నేను నిలబడి ఉన్న, ఫ్రాన్సు కుర్చీల కూసున్నది. మనల్ల తప్పు ఒప్పుకున్నంక ఏం చేస్తరు? రెండు దిక్కులోళ్లు ఒక్క బంతిల కూసొని తింటరు. తిన్నంకనే తప్పు తీరినట్టు. నాకు ఎవ్వలన్న విస్తరేసిన్రా?"

ఎద్దు యజమాని ఏదో అనబోయాడు. అంతలో ఫ్రాన్సు వాళ్లమ్మ చెంగు వెనకనుంచి తల బయటపెట్టింది.

"ఎయ్యలే తాతా. మిఠాయి సుత దానికి అందలే. రష్యోళ్లు ముందే తినేసిన్రు."

సొంత గూడేనికి వ్యతిరేకంగా ఫ్రాన్సు ఇచ్చిన ఆ సాక్ష్యానికి వాళ్లమ్మ నెత్తిన ఒకటి మొట్టింది. కానీ అప్పటికే అందరూ నవ్వుతున్నారు.

పటేలు మాత్రం నవ్వలేదు. "సారూ, గా దేశంల నిజంగ గట్లనే చేసిన్రా? తప్పు ఒప్పించి బంతిల కూసోబెట్టలేదా?"

"లేదు. మాట్లాడుకునేటప్పుడు పిలవను కూడా లేదు. అంతా రాసుకున్నాక సంతకానికి పిలిచారు."

"తర్వాత?"

"ఇరవై ఏళ్లకు మళ్లీ మొదలైంది. మొదటిదానికంటే పెద్దది."

"మొదటిది తీరకపాయె, అయితది మరి" అన్నాడు.

నేను టీచర్ని, ఊరుకోలేను. అదొక్కటే కారణం కాదు, మధ్యలో ప్రపంచమంతా పనులు పోయాయి, ద్వేషాన్ని అమ్ముకుని గద్దెనెక్కిన నియంత ఒకడున్నాడు అని చెప్పాను. పటేలు మర్యాదగా విన్నాడు. ఆయన అభిప్రాయం మారలేదు, నాదీ మారలేదు.

తీర్పు తేలిగ్గానే వచ్చింది. విస్తరి పడలేదు కాబట్టి పిల్ల మాట లెక్కలోకి రాదు. ఎద్దును కట్టు గట్టిగా వేయకుండా వదిలినవాడిదీ తప్పే, రాళ్ల వైపు తరిమినవాళ్లదీ తప్పే. ఇవతలి గూడెం తన ఎడ్లతో వచ్చే వానకాలం అవతలి రైతు భూమి దున్నిపెట్టాలి. ఎద్దు ఎవరింటి నుంచీ పోదు. రెండు పక్కలవాళ్లూ ఆ పూటే కలిసి తినాలి.

జర్మనీ తండ్రి లేచి కోళ్లు తేవడానికి పోయాడు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. కోళ్లను వేల్పు ముందు కోసి, మొదటి ముద్ద అక్కడ పెట్టి, మిగిలింది వడ్డిస్తున్నారు. నాకు కూడా విస్తరి వేశారు. నేను పక్కకు జరిగి, మంచినీళ్లు చాలు అన్నాను.

"గట్లెట్ల?" అన్నాడు పటేలు. "నోరు పిల్లది, మాట నీది. రాసినోడు తినకుంటే ఎట్ల తీరుతది?"

ఎద్దు యజమాని తన ముద్ద మధ్యలోనే ఆపాడు. "సారు తినకుంటే తీరనట్టే" అన్నాడు, కొంచెం ఆశగా.

జర్మనీ నా వైపు చూసింది. విస్తరికి ఇవతల నా నియమం, అవతల ఆమె పదో తరగతి. లాభనష్టాల లెక్క అంత స్పష్టంగా నాకు ఎప్పుడూ కనిపించలేదు.

కూర్చున్నాను. "నేను దేవతను నమ్మి తినడం లేదు. ఈ మాట అందరూ వినాలి" అన్నాను.

"నమ్మమని ఎవ్వలన్నరు?" అన్నాడు పటేలు. "తినమన్నం."

తిన్నాను. కోడికూర చాలా బాగుంది. కారం మాత్రం ఏ కోస్తా రైతు చేలోదో, కళ్లలో నీళ్లు తెప్పించింది. లెక్కల టీచరమ్మ అది చూసి, "మడి విప్పినందుకేనా సారూ ఆ కన్నీళ్లు" అంది. తినేటప్పుడు మాట్లాడకూడదన్నాను. అది ఏ శాస్త్రంలో ఉందండీ అంది.

చేతులు కడుక్కునేటప్పుడు పటేలు అడిగాడు: "ఇప్పుడు గా జర్మనీ, ఫ్రాన్సు మాట్లాడుకుంటయా?"

"బాగా. ఒకరి ఊళ్లోకి ఒకరు పోతుంటే ఆపేవాళ్లు కూడా లేరు. ఇద్దరికీ డబ్బు కూడా ఒకటే."

"మరి గన్నిసార్లు ఎందుకు కొట్టుకున్నరు, ఉత్తగ."

ఇది చదివి ఎవరైనా, చూశారా, పాత ఆచారాలన్నీ గొప్పవే అని నా నోట అనిపించాలనుకుంటే ఆశ వదులుకోండి. మరుసటేడు ఇలాంటి పందిరి కిందే ఒక ఒంటరి ముసలామె చేతబడి చేసిందని నిందవేస్తే, ఆమె పక్కన నిలబడి గొంతు పోయేదాకా అరిచాను. ఆ రోజు నాకెవరూ విస్తరి వేయలేదు. ఆచారాన్ని కూడా మనిషిని నిలదీసినట్టే నిలదీయాలి. జవాబు చెప్పగలిగినదాన్ని ఉంచుకోవాలి, చెప్పలేనిదాన్ని పారేయాలి. కలిసి తినడం జవాబు చెప్పగలిగింది. దాని ముందు నా నియమమే జవాబు చెప్పలేకపోయింది, అందుకే దాన్ని పారేశాను. అప్పటినుంచి లడ్డూల్లో లెక్కల టీచరమ్మ వాటా సగానికి తగ్గింది. ఆమె ఆ సంగతి ఇప్పటికీ ఫోన్‌లో గుర్తుచేస్తుంది.

సోమవారం పొద్దున్నే తండ్రి పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు. వెనక జర్మనీ, ఆమె చెయ్యి పట్టుకుని ఫ్రాన్సు. హెడ్మాస్టరు గారు గడియారం చూసి, పది నిమిషాలు ఆగి లోపలికి రానివ్వండి అన్నారు. పిల్లలు అప్పటికే లోపలికి వచ్చేశారు.

నేను హాజరు తీసుకుంటూ ఆమె పేరు పిలిచాను. క్లాసంతా ఒకే గొంతుతో "జర్మనీ వచ్చింది సార్" అంది. బోర్డు మీద ఆ రోజు రివిజన్ పాఠం రాశాను: రెండో ప్రపంచ యుద్ధం, కారణాలు.

జర్మనీ లేచి నిలబడింది.

"సార్, కారణాలు మాకు తెలుసు. తర్వాతది చెప్పున్రి."